ఎఫ్‌ఐఆర్ లేకపోతే దెబ్బ తగలనట్టేనా? కెనడా శరణార్థి అప్పీళ్ళలో మన మాట, మన కాగితం

"పోలీసుల దగ్గరికి వెళ్ళానన్నారు. మరి ఎఫ్‌ఐఆర్ కాపీ ఏది?"

కెనడాలో శరణార్థిగా రక్షణ కోరే భారతీయులకు విచారణలో ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి జవాబు మన వాడల్లో ఎవరినడిగినా చెబుతారు. స్టేషన్‌కు పోతే కాగితం తీసుకోరు. తీసుకున్నా రశీదు ఇవ్వరు. "పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి" అని పంపించేస్తారు. పట్టుబట్టి మళ్ళీ పోతే మన మీదే ఎదురు కేసు. ఇదంతా మనకు కొత్త కాదు. కానీ టొరంటోలో కూర్చున్న బోర్డు సభ్యుడికి ఇది తెలియాల్సిన పనిలేదు. ఆ సభ్యుడి ముందు ఉన్నది ఒక మనిషి, ఒక కథ, కొన్ని కాగితాలు. లేని కాగితాన్ని ఆ సభ్యుడు ఎలా చదివాడన్నదాని మీదే చాలా అప్పీళ్ళు నిలబడతాయి, పడిపోతాయి.

మేము పీహెచ్‌డీ పరిశోధన కోసం కెనడా శరణార్థి నిర్ణయాలు చదువుతున్నాం. కాన్‌లీ అనే వెబ్‌సైట్‌లో అవి ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. అందులో అర్థమైన ఒక్క విషయాన్ని ఇక్కడ విప్పి చెప్పాలనుకుంటున్నాం. కులం కారణంగా పారిపోయిన మనిషి దగ్గర కాగితం లేకపోవడం తరచూ ఆ కులం చేసిన పనే. అప్పీలులో చూపించాల్సింది దాన్ని. "మేము నిజమే చెబుతున్నాం, నమ్మండి" అని మళ్ళీ వేడుకోవడం వల్ల ఒరిగేది తక్కువ.

ఒక ఊహా కేసు

వివరణ కోసం ఒక ఊహా కేసు తీసుకుందాం. పల్నాడు వైపు ఒక ఊరికి చెందిన మాదిగ యువకుడు. ఆధిపత్య కులం అమ్మాయిని ప్రేమించాడు. అమ్మాయి అన్నలు కర్రలతో కొట్టారు. స్టేషన్‌కు వెళితే ఎస్సై రాజీ చేసుకోమన్నాడు. పక్కూరి ఆర్‌ఎంపీ కట్టు కట్టాడు. తర్వాత స్టూడెంట్ వీసా మీద కెనడా చేరాడు. పదకొండు నెలలకు ఇంటి మీద మళ్ళీ దాడి జరిగిందని అమ్మ ఫోన్ చేసింది. అప్పుడు రక్షణ కోరుతూ క్లెయిమ్ వేశాడు.

మొదటి విచారణ జరిపిన రెఫ్యూజీ ప్రొటెక్షన్ డివిజన్ తిరస్కరించింది. కారణాలు ఇవి: ఎఫ్‌ఐఆర్ లేదు. ఎస్సై చెంప మీద కొట్టి కులం పేరుతో తిట్టాడని విచారణలో చెప్పాడు గానీ దరఖాస్తు ఫారంలో రాయలేదు. పదకొండు నెలలు ఆలస్యం చేశాడు. "అన్న" పేరుతో ఉత్తరం వచ్చింది గానీ కుటుంబ వివరాల్లో అన్న లేడు. ఫారంలో మతం క్రైస్తవం అని ఉంది, కుల ధృవీకరణ పత్రంలో హిందూ అని ఉంది. ఇవన్నీ కాక, ముంబైలో బతకొచ్చు కదా.

ఇక్కడి నుంచి రెఫ్యూజీ అప్పీల్ డివిజన్‌కు వెళ్ళాలి.

మాటను నమ్మాలన్నదే మొదటి సూత్రం

కెనడా చట్టంలో మొదలు మనకు అనుకూలంగానే ఉంటుంది. ప్రమాణం చేసి చెప్పిన మాటను, అనుమానించడానికి తగిన కారణం ఉంటే తప్ప నిజమనే తీసుకోవాలని అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు 1979లో మాల్డొనాడో కేసులో చెప్పింది. నేటికీ దాదాపు ప్రతి నిర్ణయంలో ఆ పేరు కనబడుతుంది. 1985 ఏప్రిల్ 4న సుప్రీం కోర్టు సింగ్ కేసులో ఇంకో మాట చెప్పింది. మనిషి విశ్వసనీయత తేల్చాల్సి వస్తే అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినాల్సిందేనని. ఆ అప్పీలుదారుల్లో భారత్ నుంచి వెళ్ళిన సిక్కులున్నారు. కెనడాలో ఏప్రిల్ 4ను శరణార్థుల హక్కుల దినంగా గుర్తు చేసుకునేది అందుకే.

రుజువు కొలత కూడా క్రిమినల్ కేసు కొలత కాదు. గతంలో జరిగింది "జరగలేదనే దానికన్నా జరిగిందనే అవకాశమే ఎక్కువ" అనిపిస్తే చాలు. భవిష్యత్తులో హింస ఎదురవుతుందా అన్నదానికి కొలత ఇంకా తక్కువ. తీవ్రమైన అవకాశం ఉందని తేలితే సరిపోతుంది.

ఈ తేడా మనవాళ్ళకు బాగా తెలియాలి. చుండూరు గుర్తుచేసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. నేరం రుజువు కాలేదన్నారు. అంతమాత్రాన ఆ హత్యలు జరగలేదని కాదు. ఒక దళితుడి క్లెయిమ్‌లో ఇండియా కోర్టు నిందితులను వదిలేసిందన్న తీర్పు ఉంటే, దాన్ని "అతను అబద్ధం చెప్పాడు" అని చదవడం తప్పు. రెండు చోట్లా త్రాసు వేరు.

నమ్మకం ఎక్కడ చెదురుతుంది? ఒకసారి చెప్పినదానికీ ఇంకోసారి చెప్పినదానికీ పొంతన లేనప్పుడు. ముఖ్యమైన సంగతి ఫారంలో లేకుండా విచారణలో హఠాత్తుగా వచ్చినప్పుడు. "ఇలా జరిగే వీల్లేదు" అని సభ్యుడికి అనిపించినప్పుడు. ఈ మూడోదాని మీద ఫెడరల్ కోర్టు గట్టి హద్దు పెట్టింది. చాలా స్పష్టమైన సందర్భాల్లో తప్ప "నమ్మశక్యంగా లేదు" అని తేల్చకూడదు, ఒక దేశం అలవాట్లను ఇంకో దేశం కొలతతో కొలవకూడదు అని. ప్రేమించిన నాలుగేళ్ళకు కూడా అమ్మాయి కుటుంబం వెతుకుతుందా అని కెనడాలో అనిపించవచ్చు. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ను ఆసుపత్రి బయట చంపిన తీరు తెలిసిన మనకు అలా అనిపించదు. అప్పీలు రాసే లాయర్‌కు ఆ తేడాను కాగితాల మీద చూపించే బాధ్యత ఉంటుంది.

ఊరు, పల్లె, అన్న, చిన్నాన్న

పొంతన లేకపోవడం అనుకున్నవాటిలో కొన్ని అసలు మన భాషవే. మన యువకుడు ఫారంలో "మేము ఫలానా ఊళ్ళో ఉంటాం" అని రాశాడు. విచారణలో "ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కొట్టారు" అన్నాడు. దుభాషి ఇంగ్లిషులో చెప్పేసరికి, గ్రామంలో ఉండేవాడు గ్రామంలోకి వెళ్ళడమేంటి అన్న ప్రశ్న పుట్టింది. మనకు ఊరంటే ఊరు, మనం ఉండేది పల్లె, మాదిగవాడ, ఎస్సీ కాలనీ. ఆ గీత దాటడమే చాలాసార్లు దాడికి కారణం. ఆ ఒక్క మాటలో కులం ఉంది. అనువాదంలో పోయింది అదే.

"అన్న" కూడా అలాంటిదే. పెదనాన్న కొడుకు మనకు అన్నే. ఇంగ్లిషు ఫారంలో సొంత అన్నదమ్ముల గళ్ళు మాత్రమే ఉంటాయి. అందుకే ఉత్తరం రాసిన "అన్న" కుటుంబ పట్టికలో లేడు. అప్పీలులో ఇలాంటివి సరిచేయడం వీలవుతుంది. విచారణ ఆడియో రికార్డు అవుతుంది. తెలుగు మాట ఏది, దుభాషి చెప్పిన ఇంగ్లిషు ఏది, రెండూ అందులో వినబడతాయి. దాన్ని వాడుకోవాలంటే ఆ భాగం రాతప్రతిని అప్పీలు రికార్డులో పెట్టాలి. ఎన్నో నిమిషంలో, నిర్ణయంలో ఏ పేరాలో తప్పు జరిగిందో చెప్పాలి. వాదన పత్రం 30 పేజీలు మించకూడదు. "దుభాషి సరిగా చెప్పలేదు" అన్న ఒక్క వాక్యంతో పని జరగదు.

క్రైస్తవం, హిందూ అన్న గొడవ ఇంకా లోతైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకు, తర్వాత సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళను బీసీ-సీలో పెడతారు. అందుకే ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబంలో తహసీల్దార్ ఇచ్చిన పత్రం మీద "హిందూ మాదిగ" అని ఉండటం మనకు వింత కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని కూడా చెప్పింది. ఈ నేపథ్యం తెలియని సభ్యుడికి ఆ రెండు కాగితాల్లో ఒకటి అబద్ధంగా కనిపిస్తుంది. ఆ చిక్కు చట్టం పెట్టినది. మొదటి విచారణలోనే ఒక పేరా వివరణ ఇచ్చి ఉంటే ఇది సమస్యే కాదు. మనవాళ్ళు ఆ ప్రశ్న వస్తుందని ఊహించరు. లాయర్లూ అడగరు.

లేని ఎఫ్‌ఐఆర్‌ను ఎలా చదవాలి

మాట నమ్మదగ్గదైతే ప్రతిదానికీ కాగితం అడగకూడదన్నది మాల్డొనాడో సూత్రానికి సహజమైన కొనసాగింపు. 2020లో ఫెడరల్ కోర్టు ఒక కేసులో దీన్ని తేటగా చెప్పింది. బలపరిచే సాక్ష్యం కావాలనాలంటే ముందు దానికి వేరే కారణం ఉండాలి. అంటే విశ్వసనీయత మీద అనుమానమో, కథలో నమ్మశక్యం కాని అంశమో, విన్న మాటల మీద ఆధారపడటమో. ఆపైన, ఆ కాగితం మామూలుగా దొరికేదై ఉండాలి. అది తేలేకపోయినందుకు ఇచ్చిన వివరణ సరిపోనిదై ఉండాలి. ఈ మెట్లు దాటకుండా "ఎఫ్‌ఐఆర్ లేదు కాబట్టి నమ్మను" అంటే అది అప్పీలులో ఎత్తిచూపాల్సిన తప్పు.

ఇక్కడ ఒక వింత చిక్కు ఉంది. మనం పోరాడి తెచ్చుకున్న చట్టాలే మనకు అడ్డం వస్తాయి. బోర్డు తన పరిశోధన విభాగం తయారుచేసిన ఇండియా సమాచార సంపుటిని ప్రతి కేసులో చూస్తుంది. లలితా కుమారి కేసులో 2013లో మన సుప్రీం కోర్టు కాగ్నిజబుల్ నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనంది. అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 4 ప్రకారం ఫిర్యాదు నమోదు చేయకుండా కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగి శిక్షార్హుడు. 2018లో చేర్చిన సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. 2016లో సుప్రీం కోర్టు ఎఫ్‌ఐఆర్‌లను ఆన్‌లైన్లో పెట్టమంది, సున్నితమైనవి మినహా. ఇవన్నీ చదివిన సభ్యుడికి "చట్టం ఇంత గట్టిగా ఉంటే పోలీసు ఎలా కాదంటాడు?" అనిపిస్తుంది. పైగా 1993 నాటి వార్డ్ తీర్పు ప్రకారం సొంత రాజ్యం రక్షణ ఇవ్వగలదనే ముందు అనుకోవాలి. కాదని తేల్చేందుకు స్పష్టమైన, ఒప్పించే ఆధారాలు చూపాల్సింది క్లెయిమ్ వేసిన మనిషే.

దీనికి జవాబు కూడా కెనడా కోర్టుల్లోనే ఉంది. చట్టం ఉందా, ప్రభుత్వం ప్రయత్నిస్తోందా అన్నది కాదు, ఆచరణలో రక్షణ అందుతోందా అన్నదే చూడాలని ఫెడరల్ కోర్టు పదేపదే చెప్పింది. సెక్షన్ 4 అనే సెక్షన్ పుట్టిందే స్టేషన్లు ఫిర్యాదు తీసుకోవు కాబట్టి. ఆ సెక్షన్‌ను మన వాదనలోనే పెట్టాలి.

ఎఫ్‌ఐఆర్ లేకపోయినా దాని చుట్టూ మిగిలే ఆనవాళ్ళు ఉంటాయి. కార్యకర్తలు అందరికన్నా ఎక్కువ సాయపడగలిగేది ఇక్కడే. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపే హక్కు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సంహితలోనూ ఉంది. ఆ పోస్టు రశీదు ఒక సాక్ష్యం. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి వచ్చే నంబరు ఒక సాక్ష్యం. ఎస్సీ కమిషన్‌కు రాసిన ఉత్తరం నకలు, మానవ హక్కుల సంఘం నిజనిర్ధారణ నివేదిక, జిల్లా ఎడిషన్‌లో వచ్చిన చిన్న వార్త, ఆ రోజు తీసిన ఫోటో, వాట్సాప్ వాయిస్ మెసేజ్. ప్రభుత్వ ఆసుపత్రికి పోతే మెడికో లీగల్ కేసు అవుతుంది, పోలీసు వస్తాడు, అందుకే మనవాళ్ళు ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆర్‌ఎంపీ చీటీ ఇవ్వడు. ఎందుకు ఆసుపత్రికి పోలేదన్న ఈ చిన్న వివరణ అఫిడవిట్‌లో ఉంటే, లేని వైద్య పత్రం కూడా అర్థమవుతుంది.

అమ్మ రాసిన ఉత్తరాన్ని "కుటుంబ సభ్యురాలు కదా" అని పక్కన పెట్టడం కూడా సరికాదని ఫెడరల్ కోర్టు ఎన్నోసార్లు చెప్పింది. దాడి చూసింది ఇంట్లోవాళ్ళే అయితే సాక్ష్యం ఇంకెవరు చెబుతారు? అయితే ఐదుగురి అఫిడవిట్లు ఒకే నోటరీ దగ్గర, ఒకే వాక్యాలతో, పేర్లు మాత్రం మార్చి టైపు చేసి ఉంటే ఏ సభ్యుడికైనా అనుమానం వస్తుంది. రావాలి కూడా. ఎవరి మాట వాళ్ళ తెలుగులో రాసి, దాన్ని అనువదించి పెట్టడం మేలు.

అప్పీలు: తలుపు ఇరుకు

2012 డిసెంబరులో మొదలైన అప్పీల్ డివిజన్‌లో ఎక్కువ కేసులు కాగితాల మీదే తేలతాయి. ఎదురుగా కూర్చోబెట్టి వినడం అరుదు. కొత్త సాక్ష్యం వచ్చి, అది విశ్వసనీయత మీద తీవ్రమైన ప్రశ్న లేపి, కేసుకు కీలకమై, ఫలితాన్ని మార్చగలిగేదైతేనే విచారణ పెట్టొచ్చు.

ఆ కొత్త సాక్ష్యానికీ గుమ్మం ఉంది. తిరస్కరణ తర్వాత పుట్టినదై ఉండాలి. లేదా అప్పటికి అందుబాటులో లేనిదై ఉండాలి. లేదా ఆ పరిస్థితుల్లో అప్పుడే తెమ్మనడం న్యాయం కానిదై ఉండాలి. ఇది కాక నమ్మదగినదీ, కేసుకు సంబంధించినదీ కావాలని 2016లో ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది తేదీ దగ్గర. ఓడిపోయాక సర్పంచ్ దగ్గరో పాస్టర్ దగ్గరో ఉత్తరం తెస్తారు. ఉత్తరం మీద తేదీ కొత్తదే. లోపల ఉన్నది మూడేళ్ళ కిందటి దాడి. అది కొత్త సాక్ష్యం కాదు. అదే ఉత్తరంలో నిర్ణయం వచ్చాక అమ్మాయి అన్నలు మళ్ళీ ఇంటికొచ్చి అడిగారన్న సంగతి ఉంటే ఆ మేరకు కొత్తది. మొదటి లాయర్ పొరపాటు వల్ల కాగితం పెట్టలేదంటే, ఆ లాయర్‌కు ముందుగా తెలియజేసి జవాబు ఇచ్చే అవకాశం ఇవ్వాలి.

కొత్త కాగితం దొరకకపోయినా అప్పీలు చచ్చిపోదు. 2016లోనే హురుగ్లికా కేసులో కోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. అప్పీల్ డివిజన్ రికార్డంతా తానే చదివి, మొదటి నిర్ణయం సరైనదా కాదా అని సొంతంగా తేల్చాలి. మొదటి సభ్యుడు మనిషిని ఎదురుగా చూశాడు కాబట్టి నోటి సాక్ష్యం విషయంలో కొంత మొగ్గు ఇవ్వొచ్చు. ఎఫ్‌ఐఆర్ లేకపోవడం, మతం గడిలో తేడా లాంటివి ఎదురుగా చూస్తే కొత్తగా తెలిసేవి కావు. అక్కడ ఆ మొగ్గు అక్కర్లేదు. మన యువకుడి కేసులో పట్టు దొరికేది అక్కడ. పదకొండు నెలల ఆలస్యం కూడా ఒక్కటే నిర్ణాయకం కాదు. చెల్లే వీసా ఉన్న మనిషికి వెనక్కి పంపేస్తారన్న భయం అప్పటికి లేదు. ఇంటి మీద రెండో దాడి తర్వాతే క్లెయిమ్ వేశాడు. (ఎంత కాలంలోపు క్లెయిమ్ వేయాలన్న నిబంధనలు మారుతున్నాయి, లాయర్‌ను అడిగి తెలుసుకోవాలి.) ఎస్సై చెంపదెబ్బ ఫారంలో రాయకపోవడం మాత్రం కష్టమైన సంగతి. దానికి నిజాయితీ గల వివరణ ఉంటేనే పనికొస్తుంది. కొందరికి ఆ తిట్టు నోటితో చెప్పడమే అవమానం, ఇంకొకరి చేత ఫారంలో రాయించడం ఇంకా కష్టం. నిజంగా అదే కారణమైతే చెప్పాలి. కాకపోతే కల్పించకూడదు.

ఇక్కడ నిష్ఠూరమైన మాట ఒకటి. అబద్ధపు కథలూ, అమ్ముడుపోయే ఉత్తరాలూ ఉన్నాయి. ఏజెంట్లు రాసిచ్చే దాడి కథల్లో కొన్నిసార్లు "దళిత్" అన్న మాట కూడా సరుకు అవుతోంది. నిజంగా దెబ్బతిన్న మనిషి కూడా కాగితం లేదన్న భయంతో ఒక దొంగ ఎఫ్‌ఐఆర్ తెచ్చుకుంటే, ఆ ఒక్కటీ మిగతా నిజాన్నంతా ముంచుతుంది. క్లెయిమ్‌కు "నమ్మదగిన ఆధారమే లేదు" అనో, "స్పష్టంగా మోసపూరితం" అనో ముద్ర పడితే అప్పీల్ డివిజన్ తలుపే మూసుకుపోతుంది. ఇక ఫెడరల్ కోర్టు అనుమతి అడగడమే మిగులుతుంది. లేదని చెప్పడం కన్నా దొంగది పెట్టడం ఎప్పుడూ ప్రమాదం.

"ముంబైలో బతకొచ్చు కదా"

విశ్వసనీయత గెలిచినా ఈ ప్రశ్న దగ్గర ఓడిపోయే భారతీయులు చాలామంది. దేశంలోనే వేరే నగరంలో ప్రమాదం లేకుండా, అన్యాయం కాని విధంగా బతకగలిగితే రక్షణ ఇవ్వరు. రెండో భాగం మెట్టు చాలా ఎత్తు. జీవితానికీ భద్రతకూ ముప్పు తెచ్చే పరిస్థితులు ఉంటాయని వాస్తవమైన ఆధారాలు చూపాలి. వివక్ష ఒక్కటే ఉందంటే సరిపోదంటారు. ఇక్కడ మన కోపం న్యాయమే గానీ కోపంతో పేజీ నింపితే లాభం లేదు. వాళ్ళు వెతుకుతారా, వెతికితే దొరుకుతాడా అన్న రెండింటికీ విడివిడిగా ఆధారం కావాలి. 2022 మే 4న సరూర్‌నగర్‌లో భార్య అన్న చేతిలో హత్యకు గురైన నాగరాజు హైదరాబాద్ లాంటి మహానగరంలోనే ఉన్నాడు. అద్దె ఇంటి కోసం ఆధార్ ఇవ్వాలి, పోలీసు వెరిఫికేషన్ ఫారం నింపాలి, ఇంటిపేరు అడుగుతారు, "మీరేమిట్లు" అని అడుగుతారు. 2015లో సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ ప్రాంతంలో అద్దె ఇళ్ళలో కుల వివక్షను నమోదు చేసింది. ఇలాంటివి మొదటి విచారణలోనే పెట్టాలి. అప్పటికే అచ్చయి ఉన్న పరిశోధన అప్పీలులో కొత్త సాక్ష్యం కిందకు రాదు.

మన యువకుడికి అప్పీలులో రెండు దారులు ఉంటాయి. డివిజన్ తానే నిర్ణయం మార్చి శరణార్థిగా గుర్తించవచ్చు. మళ్ళీ సాక్ష్యం వినకుండా తేల్చలేమనుకుంటే మొదటి డివిజన్‌కు తిప్పి పంపవచ్చు. ఏది కావాలో వాదన పత్రంలో స్పష్టంగా అడగాలి. ముంబై ప్రశ్నను వదిలేసి ఎఫ్‌ఐఆర్, మతం, అన్న అన్నింటినీ గెలిచినా అప్పీలు పోతుంది. ఎందుకంటే ఆ ఒక్క కారణం మీదే తిరస్కరణ నిలబడుతుంది.

అప్పీలు నోటీసు వేయడానికి గడువు రాతపూర్వక కారణాలు చేతికందిన రోజు నుంచి 15 రోజులు. ఆ కారణాలు ఏ రోజు అందాయో రాసి పెట్టుకోండి. కవరు గానీ ఈమెయిలు గానీ పారేయకండి. ఊళ్ళో ఉన్నవాళ్ళకు అదే రోజు ఫోన్ చేయండి. ఎస్పీ ఆఫీసుకు పంపిన పోస్టు రశీదు ఎవరి బీరువాలో ఉందో ముందు అది వెతకమనండి.